ఐదుగురిలో లేని పేరు

పక్కవాణ్ణి దీవించమని పైకి ప్రార్థిస్తూ, లోపల వాడు కాస్త తగ్గితే బాగుండునని కోరుకుంటే, దేవుడు ఆ రెండింటిలో దేన్ని వింటాడు? లెమ్యుయెల్ పెట్‌వేకి ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. కుర్రతనంలో సంఘం పాటల బృందంలో తన పక్కన నిలబడేవాడికి తనకంటే మంచి గొంతు ఉండేది. అప్పుడు పుట్టింది. ఆ గొంతువాడు ఊరు వదిలి వెళ్ళిపోయాడు గాని అనుమానం వెళ్ళలేదు. పాస్టరుగారిని అడుగుదామని ఎన్నోసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్ళాడు. "ఏం డీకన్‌గారూ?" అని ఆయన నవ్వుతూ తలెత్తేసరికి, "కింద బాయిలరు బాగానే పనిచేస్తోందాండీ" అని అడిగి తిరిగొచ్చేవాడు.

లెమ్యుయెల్ మిల్వాకీలో సిటీ బస్సు నడుపుతాడు. ఉత్తరం వైపున్న బేతనియ బాప్టిస్టు సంఘంలో డీకన్, అంటే సంఘం పనులు చూసే పెద్దల్లో ఒకడు. ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం మందిరం కింది హాల్లో చేపల విందు ఉంటుంది. మొక్కజొన్న పిండి పట్టించిన క్యాట్‌ఫిష్, స్పఘెట్టి, క్యాబేజీ తురుము, రెండు ముక్కలు తెల్ల రొట్టె, మీద కారం సాసు. ఆడవాళ్ళు వడ్డన చూస్తారు. మగవాళ్ళు పొయ్యి పక్కన పొడవాటి బల్ల దగ్గర చేరి బాస్కెట్‌బాల్ గురించి కొట్టుకుంటారు. ఈస్టరు నాటికి ఆటల కాలం చివరికొస్తుంది కాబట్టి, ఆ ఏటి మేటి ఆటగాడి బహుమతి ఎవరికి రావాలన్నది ఆ బల్ల దగ్గరే తేలిపోవాలి. లీగు వాళ్ళు తరవాత ఎవరికిచ్చుకుంటారో అది వాళ్ళిష్టం.

ఆ బల్లకి చాలా ఏళ్ళు లెమ్యుయెలే పెద్ద. అరుపులు ముదిరితే ఎవరో ఒకరు, "ఉండండి, డీకన్‌గారు ఏమంటారో" అనేవాళ్ళు. అతను కప్పులో కాఫీ ఒక గుక్క తాగి, నింపాదిగా చెప్పేవాడు. అక్కడితో సరి. ఆ ఒక్క గుక్క నిశ్శబ్దం కోసం అతను వారమంతా ఎదురుచూసేవాడని భార్య వర్లీన్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

మూడేళ్ళ కిందట రోస్కో టన్‌స్టాల్ వచ్చాడు. మెంఫిస్ నుంచి వచ్చి ఇక్కడ శవసంస్కారాల ఇంట్లో పనికి కుదిరాడు. మనిషి పొడుగు, గొంతు నున్నన. ఏడ్చేవాళ్ళని ఓదార్చి ఓదార్చి మాట బాగా పదునెక్కింది. మొదటి శుక్రవారమే బల్ల దగ్గర కూర్చుని, ఎప్పుడో ఆడిన ఆట ఒకటి చెబితే, వడ్డించే ఆడవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని విన్నారు. రెండో ఏడు వచ్చేసరికి, "డీకన్‌గారు ఏమంటారో" అనడం మానేసి, "రోస్కో, నువ్వు చెప్పు" అనడం మొదలుపెట్టారు. ఎవరూ కావాలని చెయ్యలేదు. ఎండ జరిగినట్టు జరిగిపోయింది.

అదైనా లెమ్యుయెల్ ఓర్చుకునేవాడే. ఓర్చుకోలేనిది గిడియన్ సంగతి.

గిడియన్ అంటే దక్షిణాది జట్టులో ఆడే ఏడడుగుల కుర్రాడు. తనంతట తాను బంతి పెద్దగా వెయ్యడు. మిగతావాళ్ళు వేసేలా చేస్తాడు. లీగులోకి వచ్చిన మొదటి చలికాలంలోనే, ఎవరికీ పేరు తెలియని రోజుల్లోనే, లెమ్యుయెల్ అతన్ని టీవీలో చూసి వర్లీన్‌ని వంటింట్లోంచి పిలిచాడు. "ఈ పిల్లాణ్ణి చూడవే. చేతులు కాదు, కాళ్ళు చూడు" అన్నాడు. అప్పట్నుంచి అతని ఆటలన్నీ చూశాడు. బల్ల దగ్గర మాత్రం చెప్పలేదు. బాగా పండాక కోసినట్టు, సరైన సమయం చూసి చెప్పి అందరినీ ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. ఈలోగా రోస్కో ఒక శుక్రవారం లేచి గిడియన్ పేరెత్తాడు. గంటసేపు చెప్పాడు. ఆ వారం నుంచి సంఘంలో సగం మంది గిడియన్ ఆటలు చూడసాగారు. అతన్ని అందరూ "రోస్కో మనిషి" అనడం మొదలుపెట్టారు. 'నేను ముందే చూశాను' అనాలని లెమ్యుయెల్ నాలుక చివరిదాకా వచ్చేది. అంటే చిన్నపిల్లాడి మాటలా ఉంటుంది. అనకపోతే లోపల మండేది.

గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే శుక్రవారం ఓట్ల రోజు. ఆ రోజు పొయ్యి దగ్గర చేపలు వేయించే ఎజెల్‌తో మొదలైంది గొడవ.

"క్విన్సీ లేకపోతే మన ఊరి జట్టు ఎక్కడుండేది? ఇదుగో, ఈ మూకుడులో ఉండేది" అన్నాడు ఎజెల్, జల్లెడ గరిటె ఎత్తి చూపిస్తూ.

"నువ్వు లేకపోయినా చేప వేగుతుంది ఎజెల్. గొప్పంతా నూనెదే" అన్నాడు థర్మన్. అతను బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఓట్లు కూడేది అతనే.

"ఒక్కో ఆటకి ముప్పై పైన వేస్తున్నాడయ్యా క్విన్సీ. ముప్పై అంటే ఏమిటో లెక్కల మేష్టారివి నీకు చెప్పాలా?"

"వేస్తున్నాడు, కాదన్నదెవరు" అన్నాడు రోస్కో, రొట్టెమీద చేపముక్క పెట్టుకుంటూ. "క్విన్సీ బంతి వేస్తే వాళ్ళమ్మ చప్పట్లు కొడుతుంది. గిడియన్ ఆడితే జట్టులో మిగిలిన నలుగురి అమ్మలూ కొడతారు."

బల్ల గొల్లుమంది. లెమ్యుయెల్ కాఫీ కప్పు దించాడు. "ఆ అమ్మల్లో ఎవరికీ ఇక్కడ ఓటు లేదు బ్రదర్."

దానికీ నవ్వారు, కాని తక్కువ. ఎంత తక్కువో లెమ్యుయెల్‌కి తెలిసింది.

"చచ్చినవాళ్ళని పొగిడి పొగిడి నోరు తిరిగింది రోస్కోకి. బతికున్నవాళ్ళతో పోటీకొస్తే ఎలా?" అన్నాడు ఎజెల్.

"చచ్చినవాళ్ళు నయం ఎజెల్. నీలాగా మధ్యలో అడ్డు తగలరు."

"నీ గిడియన్ మడమ నొప్పని నెల్లాళ్ళు కూర్చున్నాడా లేదా? ఆడనివాడికి బహుమతేమిటి?" లెమ్యుయెల్ అడిగాడు.

"కూర్చున్నాడన్నా. ఆ నెల్లాళ్ళు వాళ్ళ జట్టు ఎలా పడిపోయిందో చూశావు కదా. ఇంట్లో అమ్మ ఊరెళ్ళినప్పుడు తెలిసినట్టు తెలిసింది, వాడేమిటో."

ఆ మాట లెమ్యుయెల్‌కి చెంపమీద కొట్టినట్టయింది. నెల కిందట పొద్దున కాఫీ తాగుతూ వర్లీన్‌తో అతనన్నదీ అదే. ఇంత అందంగా అనలేకపోయాడు, అంతే. వడ్డన బల్ల వెనక వర్లీన్ తలెత్తి మొగుడివైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

ఓటు వేసే పద్ధతి లెమ్యుయెల్ పెట్టిందే. కాగితాలూ చీటీలూ లేవు. ఆదివారం సాక్ష్యం చెప్పినట్టు ఒక్కొక్కరూ లేచి, కుర్చీ వీపు పట్టుకుని, వరసగా ఐదు పేర్లు చెప్పాలి. మొదటి పేరుకి పది, తరవాత ఏడు, ఐదు, మూడు, ఒకటి. మందిరం కప్పు కింద చెబుతున్నారు కాబట్టి మనసులో ఉన్నదే చెప్పాలి. చెప్పాక మార్చకూడదు. థర్మన్ బైబిలు బడి నల్లబల్ల మీద సుద్దతో కూడుతూ పోతాడు. డీకన్ అందరికన్నా చివర.

అతని వంతు వచ్చేసరికి నల్లబల్ల మీద గిడియన్ ఆరు పాయింట్లు పైనున్నాడు. క్విన్సీ కింద ఉన్నాడు.

లెమ్యుయెల్ లేచి కుర్చీ పట్టుకున్నాడు. బస్సు నడిపేవాడికి లెక్కలు నోట్లో ఉంటాయి. క్విన్సీకి పది ఇచ్చి, గిడియన్‌ని రెండో పేరుగా చెప్పినా గిడియనే గెలుస్తాడు. రోస్కో లేచి ఆ నున్నటి గొంతుతో నాలుగు మాటలు చెబుతాడు. వచ్చే ఏడు బల్ల కొసన పెద్దమనిషి కుర్చీ, చివరి ఓటు అతనివే అవుతాయి. ఎవరో ఇదివరకే ఆ మాట అన్నారు కూడా. ఇదంతా ఆలోచించడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు.

"క్విన్సీ" అన్నాడు. తరవాత ఇంకో నాలుగు పేర్లు చెప్పాడు. వాటిలో గిడియన్ లేడు.

థర్మన్ సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాడు. "డీకన్‌గారూ, ఐదూ అయ్యాయా?"

"అయ్యాయి."

"ఐదుగురిలో లేడా?"

"నేను చెప్పింది విన్నావుగా."

నాలుగు పాయింట్ల తేడాతో క్విన్సీ నెగ్గాడు. ఎజెల్ గరిటెతో మూకుడు వాయించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు లెమ్యుయెల్ భుజం తట్టారు. గెలిచిన సంతోషం వస్తుందని అతను కాసేపు చూశాడు. రాలేదు.

ఓడిన పక్షం పెద్ద గిన్నెలు తోమాలి. అది కూడా పద్ధతే. కోటు కోసం వెనక గదిలోకి వెళ్ళిన లెమ్యుయెల్‌కి, చొక్కా చేతులు మడిచి జిడ్డు మూకుడు రుద్దుతున్న రోస్కో ఎదురయ్యాడు. తప్పించుకుపోదామనుకుంటే పిలిచాడు.

"ఒక్క నిమిషం అన్నా. నన్ను ఆట పట్టించకుండా ఒక మాట చెప్పు. గిడియన్‌ని రెండో పేరుగా పెట్టనందుకు నాకేం బాధ లేదు. మూడో పేరు, నాలుగో పేరు, అదీ సరే. ఐదులోనే లేడన్నావు. ఈ బల్ల దగ్గర ఆట చూడటం వచ్చిన మనిషివి నువ్వొక్కడివే. నీకు కనబడిందేదో నాకు కనబడలేదు. ఏమిటది?"

లెమ్యుయెల్ కోటు గుండీలు పెట్టుకున్నాడు. మొదటిది రెండో కాజాలో పెట్టాడు. "ఎవరి చూపు వాళ్ళది బ్రదర్."

"అలా కాదు. నేను మాటల మనిషిని, అది నాకు తెలుసు. ఒక్కోసారి నా మాటలకి నేనే పడిపోతాను. వాణ్ణి నిజంగా చూశానో, వాడి మీద కట్టుకున్న మాటలే చూశానో." రోస్కో చేతులు తుడుచుకున్నాడు. "నీ దగ్గర నాకో మంచిమాట బాకీ ఉంది, గుర్తుందా?"

గుర్తు లేకేం. రోస్కో వచ్చిన మొదటి చలికాలంలో ఒక వాదంలో లెమ్యుయెల్ ఓడిపోయాడు. పందెం ప్రకారం ఓడినవాడు, గెలిచినవాడు అడిగిన ఆటగాడి గురించి అందరి ముందూ లేచి, తన కళ్ళతో చూసిన మంచి ఒకటి చెప్పాలి. రోస్కో అప్పుడు తొందరేం లేదన్నాడు. లెమ్యుయెల్ ఆ తొందర లేకపోవడాన్నే పట్టుకుని, ఒకసారి జలుబనీ, ఒకసారి డ్యూటీ అనీ మూడు ఈస్టర్లు దాటించాడు. "డీకన్‌గారి బాకీ" అంటే సంఘంలో అందరికీ నవ్వు.

"వచ్చే శుక్రవారం వసూలు చేసుకుంటాను. గిడియన్ గురించి. నువ్వు చూసిన మంచి ఒక్కటి ఉంటే చెప్పు. లేకపోతే లేదని చెప్పు. నువ్వు లేదంటే లేనట్టే. నేనిక వాడి పేరెత్తను" అన్నాడు రోస్కో. ఎక్కడా వెటకారం లేదు. అది ఉంటే బాగుండునని లెమ్యుయెల్ అనుకున్నాడు.

కారు వీధి మలుపు తిరగగానే వర్లీన్ మొదలుపెట్టింది.

"నువ్వు ఐదో పేరు చెప్పినప్పుడు ఎవరా అని తలెత్తి చూశాను. ఆ గొంతు మా ఆయనది కాదు" అంది.

"మన ఊరి కుర్రాడికి వేశాను. తప్పా?"

"నన్ను వంటింట్లోంచి పిలిచి చూపించింది ఊరి కుర్రాణ్ణా?"

అతను వైపర్లు వేశాడు. వాన లేదు.

బుధవారం ప్రార్థన కూటంలో పాస్టరుగారు అందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఎడమవైపు మనిషి కోసం ప్రార్థించమన్నారు. లెమ్యుయెల్ ఎడమవైపు చూశాడు. రోస్కో. పొడుగాటి చెయ్యి అతని చేతిలో పెట్టి అప్పటికే కళ్ళు మూసుకున్నాడు.

"తండ్రీ, మా సహోదరుడు రోస్కోని దీవించు" అని మొదలుపెట్టాడు లెమ్యుయెల్. ఉద్యోగం కోసం అడిగాడు. మోకాళ్ళ నొప్పులు తగ్గాలని అడిగాడు. "అతని చూపును..." అన్నాడు. అక్కడ నోరు ఆగిపోయింది. ఈ చూపు చెడగొట్టింది ఎవరో పైవాడికి తెలియదా? ఆయన్నే బాగు చెయ్యమని అడగడం, గోడకి తానే రాయి విసిరి మేస్త్రీని పిలిచినట్టుంది. "ఆమెన్" అనేశాడు. ఎవరికో దగ్గు వచ్చింది. అందరూ ఆమెన్ అన్నారు.

బయటికొస్తూ రోస్కో చెప్పాడు. "వాడి పాత ఆటలు మళ్ళీ పెట్టుకుని చూస్తున్నానన్నా. రెండు చూశాను. ఏమో, మొదట్లో చూసినంత బాగా లేదు. నువ్వన్నదే నిజమేమో."

ఈ మాట కోసమే కదా అదంతా చేసింది, అనుకున్నాడు లెమ్యుయెల్. ఇంకొక్క శుక్రవారం 'ఏమీ లేదు' అంటే చాలు. కుర్చీ తనది, చివరి మాట తనది, మండేది చల్లారుతుంది. కాని ఇంటికెళ్ళి టీవీ పెడితే గిడియన్ ఆడుతున్నాడు. ఎప్పటిలాగే ఆడుతున్నాడు. లెమ్యుయెల్ ఆపి, కాసేపటికి మళ్ళీ పెట్టి, మళ్ళీ ఆపాడు. మనిషి కష్టపడి ఆడుతుంటే చూసి సంతోషించడం ఒక్కటే ఆ కుర్రాడి విషయంలో తన సొంతం. రోస్కో కొల్లగొట్టాడనుకున్నదాన్ని తానే వీధిలో పారేసినట్టు అనిపించింది. అయినా రోస్కో గొంతు తలుచుకుంటే మంట మాత్రం అలాగే ఉంది.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఆరాధన మూడింటికి ముగిసింది. జనం కిందికి దిగారు. ఆఖరి విందు కాబట్టి హాలు నిండిపోయింది. ఎజెల్ రెండో మూకుడు కూడా పెట్టాడు. తిండి సగంలో ఉండగా రోస్కో గ్లాసుమీద చెంచాతో కొట్టాడు.

"డీకన్‌గారి బాకీ" అన్నాడు.

బల్లంతా చప్పట్లు. "వడ్డీతో సహా" అని అరిచాడు ఎజెల్.

లెమ్యుయెల్ లేచి కుర్చీ వీపు పట్టుకున్నాడు. వడ్డన దగ్గర వర్లీన్ చేతిలో పళ్ళెం అలాగే ఉంది. 'లేదు' అన్నది రెండక్షరాల మాట. నోట్లో సిద్ధంగానే ఉంది. ఎదురుగా రోస్కో మొహం ఎత్తి, డాక్టరు ముందు కూర్చున్నవాడిలా చూస్తున్నాడు.

"గిడియన్ లీగులోకి వచ్చిన మొదటి చలికాలం" అన్నాడు లెమ్యుయెల్. "వాళ్ళ జట్టు ఇరవై పాయింట్లు వెనకబడింది. జనం లేచి వెళ్ళిపోతున్నారు. టీవీలో మాట్లాడేవాళ్ళు కూడా ఇంకేదో మాట్లాడుతున్నారు. అప్పుడు ఈ కుర్రాడు, బంతి పట్టుకున్న తనవాడికి దారి కావాలని, ఎదుటివాడికి అడ్డంగా నిలబడ్డాడు. అది అందరూ చేస్తారు. వాడు దెబ్బ తగిలించుకుని అక్కడితో ఆగలేదు. తనవాడు దాటాక తుంటి ఇలా తిప్పి, ఇంకొక్క అడుగు దారి ఇచ్చాడు." ఆ వయసులో అతను తుంటి తిప్పి చూపించాడు. ఎవరూ నవ్వలేదు. "ఆ అడుగు ఎవరి లెక్కలోకీ రాదు. బంతి వేసినవాడికీ తెలియదు. ఓడిపోయిన ఆట అది. అయినా ఇచ్చాడు. తరవాతి ఆటలోనూ ఇచ్చాడు. నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు. ఇప్పుడున్నవాళ్ళలో వాణ్ణి మించినవాడు లేడు."

ఎజెల్ గరిటె దించాడు. "మరి పోయిన శుక్రవారం ఐదుగురిలో కూడా లేడన్నావు."

"అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

లెమ్యుయెల్ కుర్చీ వీపు మీద వేళ్ళు చూసుకున్నాడు. "నేను ముందు చూశాను వాణ్ణి. మీరు రోస్కో నోటివెంట విన్నారు. అది పడలేదు నాకు."

హాల్లో అందరూ తిరిగి చూశారు. లెమ్యుయెల్ వైపు కాదు. రోస్కో ఏమంటాడో అని రోస్కో వైపు. ఇంత చెప్పినా చూపులు అటే పోయాయి. అది గుచ్చుకోవడం లెమ్యుయెల్‌కి స్పష్టంగా తెలిసింది. ఇప్పుడు కూడానా, అని తన మీద తనకే ఆశ్చర్యం వేసింది.

"నాలుగేళ్ళా?" అడిగాడు రోస్కో.

"నాలుగు."

"అంటే నాకంటే ముందే."

"ముందే."

ఈ మాట తియ్యగా ఉంటుందని ఎన్నాళ్ళుగానో అనుకున్నాడు. చల్లారిన కాఫీలా ఉంది.

రోస్కో పళ్ళెం కాస్త జరిపాడు. గొంతులో ఆ నునుపు లేదు. "వారం రోజులు నా కళ్ళకి ఏమైందా అనుకున్నాను లెమ్. ఆ కుర్రాణ్ణి చూడబోతే చూడబుద్ధి కాలేదు నాకు."

"తెలుసు. నాక్కూడా."

థర్మన్ గొంతు సవరించుకున్నాడు. "నల్లబల్ల మీద లెక్క ఇంకా తుడవలేదు. మార్చమంటారా డీకన్‌గారూ?"

"మార్చకూడదు. లేచి చెప్పింది చెప్పిందే. ఆ పద్ధతి పెట్టింది నేనే. వచ్చే ఏడు చివరి ఓటు మాత్రం ఇంకెవరికైనా ఇవ్వండి."

"క్విన్సీ బతికిపోయాడు" అన్నాడు ఎజెల్ మెల్లగా. ఎవరో ఒకరిద్దరు నవ్వారు. వర్లీన్ చేతిలో పళ్ళెం ఎవరి ముందో పెట్టింది.

లెమ్యుయెల్ ఇంకా నిలబడే ఉన్నాడు. "మరి బాకీ సంగతేమిటి రోస్కో?" అని అడిగాడు థర్మన్.

రోస్కో కూర్చున్న చోటే తుంటి కొద్దిగా తిప్పి చూసుకున్నాడు. పక్కవాడి భుజం దాటి ఎంత దారి వస్తుందో కొలుస్తున్నట్టు చూశాడు. తరవాత రొట్టె తుంచాడు.

"తీరింది" అన్నాడు.